పక్షుల దుర్భిణికి కెమెరా అమర్చుట

మందమర్రి అనగానే బొగ్గు జ్ఞప్తికి వచ్చును. కాజీపేట – బల్లార్షా రైలు మార్గములో మంచిర్యాల దాటి బెల్లంపల్లికి పోవు దారిలో ఈ ఊరు గలదు. సింగరేణి గనులే దీనికి జీవనాధారము. కాని ఊరు దాటి గాంధారి ఖిల్లా గుట్టల వైపు నడచినచో బొగ్గుకు బదులు అడవి ఎదురగును. చెరువు గట్లపై లకుముకి పిట్టలు, తీతువులు, కొంగలు, తీగలపై పాలపిట్టలు కనిపించును. ఇంకను ఈశాన్యముగా పోయినచో, ఆసిఫాబాదు ప్రాంతమున పెద్దవాగు ప్రాణహితలో కలియు చోటికి దగ్గరగా, పాలరాపు గుట్ట యను నిట్టనిలువు కొండచరియ యున్నది. 2013లో ఆ చరియపై పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొనియుండుట వెలుగులోనికి వచ్చినది.

ఇది సామాన్య విషయము కాదు. 1990 తరువాత పదిహేను, ఇరువది ఏండ్లలో మన దేశపు రాబందులలో మూడు జాతులు నూటికి 95కు మించి నశించినవి. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ అను మందే ఇందుకు కారణమని 2004లో తేలినది. ఆ మందు పుచ్చుకొని చనిపోయిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడును. పశువైద్యములో ఆ మందును మన ప్రభుత్వము 2006లో నిషేధించినది. పొడుగుముక్కు రాబందు ఒక కాన్పునకు ఒక్క గ్రుడ్డే పెట్టును. మనుష్యుడు దగ్గరకు పోయి దానిని బెదరించినచో ఆ యేటి సంతానము దక్కకపోవచ్చును. కావున గూటిలో పిల్ల యున్నదా, ఎన్ని పక్షులు పొదుగుచున్నవి అను విషయములను దూరము నుండియే తెలిసికొనవలెను. నోటిమాట చాలదు, ఛాయాచిత్రము ఉండవలెను.

చేతిలోని ఫోనులో కెమెరా యున్నది కదా, అదియే చాలదా అని విద్యార్థి అడుగవచ్చును. లెక్క వేసి చూతము. 0.9 మీటరు పొడవు గల పక్షి 500 మీటర్ల దూరమున కూర్చున్నదనుకొందము. ఫోను ముఖ్య కెమెరా కటకపు నాభ్యంతరము సుమారు 5 మిల్లీమీటర్లు. సరూప త్రిభుజముల సూత్రము ననుసరించి ప్రతిబింబపు పొడవు 5 × 0.9 ÷ 500 = 0.009 మిల్లీమీటరు, అనగా 9 మైక్రానులు. సెన్సరులోని ఒక్కొక్క చుక్క వెడల్పు సుమారు 1 మైక్రాను. మన రాబందు 9 చుక్కలలో ఇమిడిపోయినది! తెరపై రెండు వ్రేళ్ళతో సాగదీసినను ఆ తొమ్మిది చుక్కలే పెద్దవగును గాని పదవ చుక్క పుట్టదు. అదే ఫోనును 40 రెట్లు పెద్దదిగా చూపు స్కోపు వెనుక నిలిపినచో నాభ్యంతరము 40 × 5 = 200 మిల్లీమీటర్లతో సమానమగును. పక్షి 360 చుక్కల పొడవున పడును. ముక్కు, మెడ, రెక్క వేరువేరుగా గుర్తింపవచ్చును.

స్పాటింగ్ స్కోపు అనునది ఒంటికంటి దుర్భిణి. దాని ముందు వస్తుకటకము సాధారణముగా 60 నుండి 85 మిల్లీమీటర్ల వ్యాసము కలిగియుండును. లోపలి పట్టకములు తలక్రిందుల ప్రతిబింబమును నిలువుగా నిలుపును. వెనుకనున్న అక్షికటకమును త్రిప్పి 20 నుండి 60 రెట్ల వరకు వృద్ధి చేసికొనవచ్చును. గనులలో సర్వేయర్లు వాడు థియోడొలైటు దుర్భిణిని చూచిన పిల్లలకు ఇది క్రొత్త వస్తువుగా తోచదు. 1999లో మలేషియా దేశపు పక్షి పరిశీలకుడు లారెన్స్ పో ఒక చిన్న డిజిటల్ కెమెరాను స్కోపు అక్షికటకమునకు ఆనించి మంచి చిత్రములు తీసి చూపిన తరువాత ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. ఆయన కెమెరాను మొదట చేతితోనే పట్టుకొనెను. చేయి చేయు పనిని కదలకుండ చేయు సాధనమే ఎడాప్టరు.

ఎడాప్టరులు అంగడిలో అనేకము గలవు. వీనిలో దేనిని కొనవలెనో తెలియుటకు ఒక చిన్న ప్రయోగము చాలును. స్కోపును తెల్లని ఆకాశము వైపు త్రిప్పి నిలుపుడు. (సూర్యుని వైపు ఎన్నడును త్రిప్పరాదు. 65 మిల్లీమీటర్ల కటకము కూర్చిన ఎండ కంటిని తక్షణమే కాల్చివేయును, కెమెరా సెన్సరును గూడ విడువదు.) అక్షికటకము వెనుక ఒక తెల్లకాగితమును పట్టి మెల్లగా ముందుకు వెనుకకు జరుపుడు. ఒక చోట కాగితముపై చిన్న వెలుగుబిళ్ళ అంచులు తేరి స్పష్టముగా కనిపించును. స్కోపులోనికి వచ్చిన వెలుగంతయు ఆ బిళ్ళగుండానే బయటికి పోవును. దాని వ్యాసము వస్తుకటకపు వ్యాసమును వృద్ధిసంఖ్యతో భాగించగా వచ్చును: 65 మిల్లీమీటర్ల స్కోపునకు 20 రెట్ల వద్ద 3.25 మిల్లీమీటర్లు, 60 రెట్ల వద్ద 1.1 మిల్లీమీటరు. కాగితమునకును అక్షికటకమునకును గల దూరమును గూడ కొలిచి వ్రాసికొనుడు. అనేక స్కోపులలో అది 15 నుండి 20 మిల్లీమీటర్లుండును.

మనము స్కోపులో చూచునప్పుడు కంటిపాపను తెలియకయే ఆ బిళ్ళ యున్న చోట నిలుపుచున్నాము. కెమెరాకును ఒక పాప గలదు, అదియే కాంతి ప్రవేశించు ద్వారము. కెమెరా పాపను వెలుగుబిళ్ళ యున్న చోటనే, నడిమికి నడిమి సరిపోవునట్లు నిలిపి కదలనీయకుండుటయే ఎడాప్టరు పని. ఇంతకు మించి దానిలో రహస్యము లేదు. వెల ఎంత హెచ్చయినను ఈ పని చేయని ఎడాప్టరు మనకు పనికిరాదు.

పెద్ద కెమెరాల కంటె ఫోనే ఇచ్చట సులభముగా కుదురుటకు గల కారణము దీనివలన తెలియును. ఫోనులో కటకము చిన్నది, దాని పాప అద్దమునకు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపలనే యుండును. పెద్ద జూము కటకములో పాప ఎంతో లోతున నుండును. ఆ కటకమును అక్షికటకమునకు తగులునంత దగ్గరకు చేర్చినను 17 మిల్లీమీటర్లలోనున్న వెలుగుబిళ్ళ దాని పాపను చేరజాలదు. చుట్టును నలుపు క్రమ్మును. పెద్ద కెమెరాయే వాడవలెనన్నచో 40 లేక 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల పొట్టి కటకమును ఎన్నుకొని, దాని ముందరి మరచుట్లకు వలయము బిగించి అక్షికటకమునకు తొడుగవలెను. కటకపు ద్వారమును పూర్తిగా తెరచి యుంచవలెను. 50 మిల్లీమీటర్ల కటకమును 20 రెట్ల స్కోపు వెనుక పెట్టగా 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరము వచ్చును. దానిని వస్తుకటకపు 65తో భాగించిన ఎఫ్ సంఖ్య 15. అదే 60 రెట్ల వద్ద ఎఫ్ సంఖ్య 46. ఉదయపు వెలుగులో ఎఫ్ 46 అనగా కెమెరా తలుపు చాలసేపు తెరచియుండవలెను, అంతలో పక్షి కదలును. జూము ఉన్నది కదా యని 60 వరకు త్రిప్పుట చిత్రమును పాడుచేసికొనుటయే. 20 నుండి 30 రెట్లలో పనిచేయుట మేలు.

అక్షికటకమును తీసివేసి ఆ చోట కెమెరాను నేరుగా బిగించు పద్ధతియు గలదు. దానికి టీ-2 అను వలయము వాడుదురు. దీని మర వ్యాసము 42 మిల్లీమీటర్లు, మర అంతరము 0.75 మిల్లీమీటరు. పాత ఫిలిము కెమెరాల కటకములకు గూడ 42 మిల్లీమీటర్ల మరయే యుండెడిది గాని దాని మర అంతరము 1 మిల్లీమీటరు. కంటికి రెండును ఒకటిగానే తోచును, మొదటి చుట్టు తిరుగును గూడ. తరువాత బలవంతముగా బిగించినచో మర తెగును. ఈ పద్ధతి అక్షికటకము ఊడివచ్చు స్కోపులకే తగును, పాఠశాలకు అంతగా అవసరము లేదు.

పాఠశాలకు నా సలహా ఫోను ఎడాప్టరే. అందును ఒక ఫోనుకే, ఒక స్కోపుకే సరిపడునట్లు పోతపోసిన తొడుగు త్వరగా తగులును, గట్టిగా నిలుచును, కాని ఫోను మారిన మరునాడే అది వ్యర్థము. ఒక్కొక్క ఉపాధ్యాయుని వద్ద ఒక్కొక్క ఫోను ఉండు చోట ఏ ఫోనునకైనను సరిపడు బిగింపు ఎడాప్టరు తగినది. దానిలో ఫోనును పట్టు దవడలు, అక్షికటకమును పట్టు వలయము వేరువేరుగా నుండవలెను. ఫోనును నిలువునకును అడ్డమునకును జరిపి మరతో బిగించు ఏర్పాటుండవలెను. ఈ జరుపుడు లేని చౌక ఎడాప్టరు ఎంత తక్కువకు దొరకినను కొనరాదు.

కొనుటకు ముందు కొలత తీసికొనవలెను. ప్రతి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్సు ఉండును. తీగల వ్యాసము కొలిచి విసిగిన విద్యార్థులకు ఇది దానిచే నిజమైన పని చేయించు అవకాశము. అక్షికటకపు రబ్బరు అంచును క్రిందికి దించి దాని బయటి వ్యాసమును మూడు చోట్ల కొలిచి సరాసరి తీయుడు. రబ్బరు కాలిపర్సు దవడల మధ్య నొక్కుకొనిపోవును గనుక వత్తరాదు. ఎడాప్టరు పెట్టెపై వ్రాసియుండు హద్దులలో ఈ సంఖ్య పడవలెను, హద్దు చివర గాక నడుమ పడిన మరియు మంచిది. ఫోను మందము, కెమెరా కటకము ఫోను అంచునుండి ఎంత దూరమున నున్నది అనునవి గూడ చూచుకొనవలెను. కొన్ని ఫోనులలో కటకము మూలకు ఒదిగియుండుటచే దవడ దానిమీదికే వచ్చి కూర్చుండును.

ఇక అమర్చుట. స్కోపును ముక్కాలి స్టాండుపై నిలిపి, 20 రెట్ల వద్ద నుంచి, ముందు కంటితోనే దూరపు చెట్టునో నీళ్ళ ట్యాంకునో స్పష్టము చేసికొనుడు. ఫోను మందపు తొడుగును తీసివేయుడు. ఫోనును బల్లపైననే ఎడాప్టరులో బిగించి, ముఖ్య కటకము సరిగా వలయపు రంధ్రము నడుమ నుండునట్లు జరిపి, అటుపిమ్మట స్కోపునకు తగిలింపుడు. ఫోను బరువు వెనుకకు లాగును గనుక స్కోపును స్టాండుపై కొంచెము ముందుకు జరిపి తూకము సరిచేయవలెను.

తెరపై కనిపించు నలుపును చదువుట నేర్చిన పని సగమైనట్లే. ఒక ప్రక్క నెలవంక వలె నీడ పడినచో నడుములు కలియలేదని అర్థము, ఫోనును అటునిటు జరుపవలెను. చుట్టును మసకయంచుతో నలుపు క్రమ్మినచో దూరము తప్పినది. అక్షికటకపు అంచును త్రిప్పి పైకెత్తియో దించియో కాగితముపై కొలిచిన దూరమునకు తేవలెను. నలుపు అంచు కత్తితో కోసినట్లు తేరి, వృత్తములో వెలుగు అంతట సమముగా నున్నచో తప్పేమియు లేదు. అది అక్షికటకపు హద్దే. స్కోపు కంటికి చూపు వెడల్పు సుమారు 40, 45 డిగ్రీలు, ఫోను కెమెరా మూలనుండి మూలకు 70 డిగ్రీలకు పైగా చూచును. ఫోనులో సుమారు 2 రెట్లు జూము చేయగా నలుపు తెర దాటిపోవును.

ఇచ్చట ఒక చిక్కు గలదు. రెండు మూడు కటకములున్న ఫోనులు జూము చేయగానే మనకు చెప్పకుండ వేరొక కటకమునకు మారును. తెర ఒక్కసారి చీకటియగును. ముందుగనే ఒక్కొక్క కటకమును వ్రేలితో మూసి, ఏ జూము వద్ద ఏది పనిచేయుచున్నదో తెలిసికొని యుండుట మంచిది. మీట నొక్కునపుడు కలుగు కదలికను స్కోపు 20 రెట్లు చేయును గనుక 2 సెకనుల ఆలస్యపు ఏర్పాటును వాడవలెను. కొంగ వంటి తెల్లని పక్షికి వెలుగును కొంత తగ్గింపవలెను, లేనిచో ఈకలన్నియు సున్నము పూసినట్లు ఒక్కటిగా కనిపించును.

సూత్రము ప్రకారము 65 మిల్లీమీటర్ల వస్తుకటకము 500 మీటర్ల దూరమున సుమారు 5 మిల్లీమీటర్ల ఎడముగల రెండు బిందువులను వేరుగా చూపగలదు. కాని మందమర్రి ఎండాకాలములో ఆ సూత్రము ఉదయము వరకే చెల్లును. నల్లని బొగ్గుకుప్పలు, గనినుండి తీసిపోసిన మట్టిదిబ్బలు, ప్రాణహిత ఇసుకతిన్నెలు వేడెక్కగానే వాటిపై గాలి పొరలు సుడులు తిరుగును, కాంతికిరణములు వంగి వణకును. అప్పుడు తీసిన చిత్రములో పక్షి నీటిలో మునిగినట్లుండును. దానికి ఎడాప్టరును తప్పుపట్టి ప్రయోజనము లేదు. ప్రొద్దు పొడిచిన తరువాత గంట రెండు గంటలలో పని ముగించుకొనవలెను. దుమ్ము మరియొక శత్రువు. బొగ్గుపొడి మెత్తనిదే గాని దానితో కలిసియుండు ఇసుకరాతి రేణువులు గాజును గీయును. కటకముపై దుమ్ము పడినచో గుడ్డ పెట్టుటకు ముందు రబ్బరు ఊదుబుడ్డితో ఊదివేయవలెను.

అభయారణ్యములలో ఛాయాచిత్రములు తీయుటకు అటవీశాఖ అనుమతి కావలెను. పాలరాపు వంటి చోట్లకు పిల్లలను గొనిపోవు ముందు ఉపాధ్యాయులు ఆ అనుమతిని పొందవలెను. స్కోపు ఎంత దూరమునుండి పనిచేయునో తెలిసినది గనుక గూటికి అంతకంటె దగ్గరగా పోవలసిన పని లేదు. తీసిన ప్రతి చిత్రమునకు తేది, వేళ, స్థలము, వృద్ధిసంఖ్య, ఉజ్జాయింపు దూరము పుస్తకములో వ్రాసియుంచుడు. దూరమును, వృద్ధిని బట్టి పైన చెప్పిన లెక్కను తిరగవేసి చిత్రములోని పక్షి పొడవును కట్టవచ్చును. గూటిలోని పిల్లను వారము వారము ఒకే చోటునుండి, ఒకే వృద్ధితో తీసినచో అది ఎంత పెరిగినదో తరగతిగదిలోనే కొలువవచ్చును. గూటి స్థలము వివరమును మాత్రము ఆ పుస్తకములోనే ఉంచుడు, చిత్రముతోపాటు నలుగురికి పంపకుడు.