కాగితపు చుట్టలో చిక్కిన వాయింపు

1905లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో కార్ల్ రైనెకె ఒక పియానో ముందు కూర్చున్నారు. అప్పటికే ఆయనకు 80 ఏళ్లు. ఆయన పుట్టిన 1824లో బీథోవెన్ ఇంకా బతికే ఉన్నారు. మెండెల్సన్‌నీ షూమన్‌నీ రైనెకె దగ్గరగా ఎరుగుదురు. ఆ ఊరి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాను 1860 నుంచి 1895 దాకా నడిపించారు. ఆ రోజు ఆయన వాయిస్తుంటే పియానోకు తగిలించిన ఒక యంత్రం ఏ మెట్టు ఎప్పుడు దిగిందో, ఎంతసేపు దిగి ఉందో, పెడల్ ఎప్పుడు తొక్కారో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయింది. రైనెకె 1910లో కన్నుమూశారు. ఆ వాయింపు మాత్రం ఇప్పటికీ వినవచ్చు. యంత్రాల పుణ్యమా అని మనకు చేరిన పియానో విద్వాంసులందరిలోకీ ముందు పుట్టినవారు ఈయనే.

ఆ యంత్రం పేరు వెల్టె-మిన్యోన్. దాన్ని తయారు చేసిన వెల్టె సంస్థను 1832లో మిఖాయెల్ వెల్టె బ్లాక్ ఫారెస్ట్ కొండల్లోని ఫోరెన్‌బాఖ్‌లో మొదలుపెట్టారు. 1872లో సంస్థ ఫ్రైబుర్గ్‌కు మారింది. తనంతట తాను మోగే భారీ వాద్యపేటికలు, అంటే ఆర్కెస్ట్రియన్లు, వీరి సరుకు. మొదట్లో ఒక్కో పాటకు మేకులు దిగగొట్టిన ఒక్కో కొయ్య పీపా కావలసి వచ్చేది. మిఖాయెల్ పెద్ద కొడుకు ఎమిల్ న్యూయార్క్‌లో స్థిరపడి, పీపా బదులు చిల్లుల కాగితపు చుట్టతో పని నడిపే పద్ధతికి 1883లో పేటెంట్ తీసుకున్నారు. ఆ తరువాతి అడుగు మూడో తరానిది. బావాబావమరుదులైన ఎడ్విన్ వెల్టె, కార్ల్ బోకిష్ కలిసి 1904లో వెల్టె-మిన్యోన్‌ను బయటికి తెచ్చారు.

కాగితపు చుట్టతో మోగే పియానో అప్పటికి కొత్తది కాదు. అమెరికాలో పియానోలా ఇంటింటికీ చేరుతోంది. కానీ ఆ చుట్టల్లో చిల్లులు అచ్చు పుస్తకంలోని స్వరాలను చూసి కొలత ప్రకారం కొట్టినవి. లయలో ఊపూ వాయింపులో బలాబలాలూ కావాలంటే ఇంట్లో కూర్చుని కాళ్లతో తొక్కేవారే సమకూర్చుకోవాలి. వెల్టె చుట్టలో ఉన్నది ఫలానా రోజున ఫలానా మనిషి వాయించిన తీరు.

చుట్టను తిరిగి మోగించే ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. కాగితం వెడల్పు దాదాపు 33 సెంటీమీటర్లు. అది 100 రంధ్రాలున్న ఒక ఇత్తడి పట్టీ మీదుగా జారుతుంది. హార్మోనియంలో తిత్తి గాలిని బయటికి తోస్తుంది; ఇక్కడ కరెంటు మోటారుతో తిరిగే పంపు గాలిని లోపలికి లాగుతూ ఉంటుంది. కాగితంలోని చిల్లు పట్టీలోని రంధ్రం మీదికి రాగానే బయటి గాలి సన్నటి గొట్టంలోకి చొరబడి ఒక తోలు పొరను పైకి లేపుతుంది. దాంతో కవాటం తెరుచుకుని, ఒక బుల్లి తిత్తిలోని గాలి ఖాళీ అయిపోతుంది. తిత్తి ముడుచుకుంటూ మెట్టును కదిలిస్తుంది. 100 రంధ్రాల్లో 80 మెట్లకు. రెండు చివరలా ఉన్న పదేసి రంధ్రాలు పెడళ్లకూ, గాలి పట్టును, అంటే వాయింపు బలాన్ని, పెంచి తగ్గించే ఆదేశాలకూ. తరువాత ఫోర్‌జెట్సర్ అనే బీరువాలాంటి పెట్టె వచ్చింది. మామూలు పియానో ముందుకు దాన్ని నెడితే చాలు, మెత్తటి గుడ్డ తొడిగిన 80 వేళ్లు మెట్ల మీద వాలి వాయిస్తాయి, రెండు మీటలు పెడళ్లను తొక్కుతాయి.

రికార్డు చేసే యంత్రం సంగతిని మాత్రం వెల్టె వారు చివరిదాకా రహస్యంగానే ఉంచారు. వేళ్ల బలాన్ని అది ఎంతవరకు కొలిచింది, ఎంత భాగం ఆ తరువాత కార్యాలయంలో చేత్తో చేర్చారు అన్నది పరిశోధకుల్లో ఇప్పటికీ తెగని వాదన.

గొప్పవాళ్లెందరో వచ్చి వాయించారు. గుస్తావ్ మాలర్ 1905 నవంబర్ 9న నాలుగు చుట్టలకు వాయించారు. ఆయన వాయింపుకు మిగిలిన ఆనవాలు అదొక్కటే. గ్రీగ్, సాన్-సాన్స్, పాదెరెవ్‌స్కీ, బుసోనీ, స్క్రియాబిన్, ఈ జాబితా చాలా పొడుగు. అయితే పేర్ల కన్నా వాళ్లు వాయించిన తీరే నాకు ముఖ్యం. నేటి సంగీత కళాశాలలో చదివినవారు ఆ చుట్టలను మొదటిసారి వింటే యంత్రం పాడైందని అనుకుంటారు.

ఎందుకంటే ఆ వాయింపులో రెండు చేతులూ కలవవు. ఎడమ చేతి మంద్ర స్వరం ముందు మోగుతుంది, కుడి చేతి పాట రవ్వంత వెనక వస్తుంది. అచ్చులో ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి ఉన్న స్వరాల గుత్తి, అంటే కార్డ్, ఒక్కసారిగా మోగదు. కింది నుంచి పైకి విచ్చుకుంటుంది. లయ ఒకచోట సాగి, ఇంకోచోట ముందుకు ఉరుకుతుంది. మొజార్ట్ కాంచెర్టోలోని విలంబ భాగాన్ని ఒంటి పియానోకు మలుచుకుని వాయించిన రైనెకె దాదాపు ప్రతి కార్డ్‌నూ అలా విప్పారు. పాట మళ్లీ వచ్చినప్పుడు అచ్చులో లేని అలంకారాలు చేర్చారు. ఇది ముసలితనపు తడబాటు కాదు. ఆ విలంబ భాగాలను అచ్చులో ఉన్నట్టు బోసిగా వదిలేయకూడదని, వాయించేవారే నగలు తొడగాలని 1891లోనే ఆయన ఒక చిన్న పుస్తకంలో వాదించారు.

థియోడోర్ లెషెటిట్స్కీ సంగతి మరీ ఆసక్తికరం. ఆయన చెర్నీ శిష్యుడు, చెర్నీ బీథోవెన్ శిష్యుడు. పాదెరెవ్‌స్కీకీ ష్నాబెల్‌కీ ఆయనే గురువు. ఆయన బోధన మీద 1902లో వచ్చిన పుస్తకం ప్రకారం పాటలోని స్వరం మంద్ర స్వరం కన్నా ఒక క్షణం వెనక రావచ్చు. అయితే అది పంక్తి మొదట్లోనూ ముఖ్యమైన చోట్లలోనూ మాత్రమే, అదీ మామూలు శ్రోత పసిగట్టనంత తక్కువగా. 1906లో 75 ఏళ్ల వయసులో ఆయన వెల్టె కోసం షోపాన్ డి-ఫ్లాట్ నాక్టర్న్ వాయించారు. చుట్ట వింటే ఆ ఎడం చాలాచోట్ల ఉంది, స్పష్టంగా వినిపిస్తుంది. పుస్తకం చెప్పిన మితానికీ గురువుగారి వేళ్లు చేసిన పనికీ మధ్య ఇంత దూరం ఉందని మరే ఆధారంతోనూ తెలిసేది కాదు.

ఇలా వాయించడానికి ధ్వనిశాస్త్రపరంగా గట్టి కారణమే ఉంది. పియానో తీగ మీద సుత్తి పడ్డ క్షణంలోనే ధ్వని గరిష్ఠం. ఆ తరువాత అది తగ్గడమే తప్ప పెరగదు. మంద్ర స్వరం, పాట స్వరం ఒకేసారి పడితే ఒకదాని దెబ్బలో మరొకటి కలిసిపోతుంది. పాట కాస్త ఆగి వస్తే మంద్రం అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంటుంది, గట్టిగా కొట్టకుండానే పాట పైకి తేలుతుంది. కార్డ్‌ను విప్పి వాయించినప్పుడు స్వరం మీద స్వరం చేరుతూ, పియానో సహజంగా చేయలేని ఉప్పొంగు చెవికి అందుతుంది.

మన సంగీతం వినే చెవికి ఇదేమీ వింత కాదు. కృతిని స్వరాల్లో రాసిపెట్టుకున్నంత మాత్రాన రాగం రాదు, గమకం గురుముఖతః రావాలి. వెల్టె-మిన్యోన్ పుట్టిన 1904లోనే ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చయింది. కంపితానికీ జారుకూ స్ఫురితానికీ వేర్వేరు గుర్తులు పెట్టి, రాతకు లొంగని దాన్ని రాతలోకి దించడానికి ఆయన పడ్డ శ్రమ అసామాన్యం. ఐరోపాలో ఆ పని కాగితపు చిల్లులకు పడింది.

స్వరకర్త చేతులే వాయించినప్పుడు చిల్లులు అచ్చునే దిద్దగలవు. 1910లో అచ్చయిన డెబుస్సీ ‘మునిగిన కెథడ్రల్’లో 89 బార్లు, అంటే లయ విభాగాలు, ఉన్నాయి. అచ్చు ప్రకారం వాయిస్తే నడిమి భాగం ఈడ్చుకుంటూ సాగుతుంది. 1912 ప్రాంతంలో డెబుస్సీ స్వయంగా వెల్టె కోసం వాయించినప్పుడు 7 నుంచి 12, 22 నుంచి 83 బార్లను రెట్టింపు వేగంతో, మన లెక్కలో రెండో కాలంలో వాయించారు. అంటే నాలుగింట మూడు వంతుల కృతికి సంబంధించిన సూచన అచ్చులో పడలేదన్నమాట. చుట్ట విన్న తరువాత ఆ కృతిని పాత పద్ధతిలో వాయించడం నాకైతే సమర్థనీయంగా తోచదు.

చుట్టను గుడ్డిగా నమ్మమని కాదు. వెల్టె యంత్రం మెట్లను ఎడమ సగం, కుడి సగంగా విడదీసి, ఒక్కో సగానికి ఒక్కో గాలి పట్టు ఇస్తుంది. ఒకే సగంలో ఒకే క్షణాన పడే స్వరాల్లో ఒకదాన్ని పెంచి మరొకదాన్ని తగ్గించడం దాని వల్ల కాదు. తప్పు స్వరాలను అమ్మకానికి ముందే దిద్దేవారు. కాబట్టి కాలం విషయంలో చుట్టను నమ్మవచ్చు, స్పర్శ విషయంలో అంతగా కాదు. మరి చేతుల ఎడం కూడా యంత్రం కల్పించిందేమోనన్న అనుమానం వస్తే, దాన్ని తీర్చే మరో సాక్షి ఉంది. 1903లో పారిస్‌లో గ్రీగ్, రౌల్ ప్యూన్యో గ్రామఫోన్ కోసం వాయించారు. గాలి తిత్తులతో ఏ సంబంధమూ లేని ఆ ప్లేట్లు బొంగురుగా, గరగరలతో ఉన్నా, చేతులు విడివిడిగా పడటం వాటిలోనూ వినిపిస్తుంది. షోపాన్ శిష్యుడు మికూలీ దగ్గర నేర్చిన కొచాల్‌స్కీ కూడా ఇ-ఫ్లాట్ నాక్టర్న్‌ను షోపాన్ తన శిష్యుల పుస్తకాల్లో పెన్సిలుతో రాసిన అదనపు అలంకారాలతో రికార్డు చేశారు.

యంత్రం మాత్రం ఎక్కువ కాలం వెలగలేదు. అమెరికాలోని పొకిప్సీలో వెల్టె వారు 1912లో కట్టిన కర్మాగారాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రు ఆస్తిగా స్వాధీనం చేసుకుని అమ్మేశారు. ఆంపికో, డ్యూయో-ఆర్ట్ వంటి పోటీ యంత్రాలు వచ్చాయి. ఆపైన రేడియో, 1925 నుంచి మైక్రోఫోన్‌తో చేసిన గ్రామఫోన్ రికార్డులు, ఆర్థిక మాంద్యం. 1944 నవంబర్ 27 రాత్రి ఫ్రైబుర్గ్ మీద పడ్డ బాంబులకు కర్మాగారం నేలమట్టమైంది. ఈలోగా అభిరుచి కూడా మారిపోయింది. అచ్చులో ఉన్నదే స్వరకర్త మాట, దానికి ఒక్క స్వరం చేర్చడమూ తప్పే అనే పట్టుదల పెరిగింది. లెషెటిట్స్కీ శిష్యుడైన ష్నాబెలే ఆ దారికి పెద్ద దిక్కయ్యారు.

చుట్టలు మాత్రం సంగ్రాహకుల ఇళ్లలోనూ మ్యూజియంలలోనూ బతికాయి. ఆస్ట్రేలియాకు చెందిన డెనిస్ కాండన్ సేకరించిన వేలాది చుట్టలు 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడ కాగితాన్ని ముట్టుకుని అరగదీయకుండా, చుట్ట పొడవునా ఫోటో తీసి, ప్రతి చిల్లు స్థానాన్నీ కంప్యూటర్‌తో లెక్కిస్తున్నారు. చేతుల మధ్య ఎడాన్ని ఇప్పుడు మిల్లీసెకన్లలో కొలవవచ్చు. సిడ్నీలో నీల్ పెరెస్ ద కోస్తా అనే పియానిస్ట్ ఈ చుట్టల మీద 2012లో పుస్తకం రాయడంతో ఆగక, రైనెకె మొజార్ట్ వాయింపును తన చేతులతో యథాతథంగా అనుకరించే సాధన చేపట్టారు. చాలాకాలంగా గురువులు నేర్పని ఆ ఎడాన్ని ఇలా చేతులకు మళ్లీ అలవాటు చేస్తున్నవారు ఇప్పుడు మరికొందరు ఉన్నారు.