పది భాగాలకు ఒక పద్ధతి, పదివేలకు మరొకటి: ప్లాస్టిక్ నమూనాల తయారీ విధానాలు

కొత్త పరికరం నమూనాను ప్రదర్శించినప్పుడు చూసేవారికి అది పూర్తయిన వస్తువుగానే కనిపించడం సహజం. అయితే ఆ పరికరం ఎంత బరువు మోయగలదు, ఎంత వేడికి నిలువగలదు, వేల సంఖ్యలో తయారు చేయడం సాధ్యమా అనే అంశాలు అందులోని ప్లాస్టిక్ భాగాలను ఏ పద్ధతిలో రూపొందించారనే దానిపై చాలా వరకు ఆధారపడి ఉంటాయి. కొనుగోలు సంఘాల సభ్యులు, ప్రోత్సాహక నిధులు మంజూరు చేసే అధికారులు, ఆవిష్కరణలపై వార్తలు రాసే పాత్రికేయులు ఈ తేడాను గమనించవలసి ఉంది.

నిత్యం వాడే స్విచ్‌లు, ఛార్జర్ల డబ్బాలు, సీసా మూతలు ఎక్కువగా ఇంజెక్షన్ మౌల్డింగ్ ద్వారా తయారవుతాయి. కరిగిన ప్లాస్టిక్‌ను అధిక పీడనంతో ఉక్కు అచ్చులోకి పంపి, చల్లబరచి బయటకు తీస్తారు. చిన్న భాగానికి కొన్ని సెకన్ల సమయం చాలు. మంచి ఉక్కు అచ్చు లక్షల భాగాలను ఇస్తుంది. చిక్కంతా అచ్చు ఖరీదులోనే ఉంది. ఉదాహరణకు అచ్చుకు 5 లక్షల రూపాయలు ఖర్చయిందనుకుంటే, లక్ష భాగాలు తీసినప్పుడు ఒక్కొక్క దానిపై పడే అచ్చు వ్యయం 5 రూపాయలు మాత్రమే. 50 భాగాలతో ఆగిపోతే అది 10 వేల రూపాయలు అవుతుంది. పైగా కొలతలో తప్పు దొర్లితే అచ్చులో లోహాన్ని మరికొంత తొలగించవచ్చు గాని, తొలగించిన చోట తిరిగి నింపాలంటే వెల్డింగ్ వంటి కష్టమైన పని చేయవలసి వస్తుంది. పరీక్షించని రూపానికి ఉక్కు అచ్చు చేయించుకున్న చిన్న పారిశ్రామికవేత్త, ఉత్పత్తి మొదలు కాకముందే పెట్టుబడిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఈ ఇబ్బందిని తప్పించేందుకు వచ్చిన పద్ధతులలో ప్రజలకు బాగా తెలిసినది త్రీడీ ప్రింటింగ్. అమెరికాకు చెందిన చక్ హల్ ద్రవరూప రెజిన్‌ను అతినీలలోహిత కాంతితో పొరలు పొరలుగా గట్టిపరిచే విధానాన్ని రూపొందించి, 1986లో పేటెంటు పొందారు. ఆయన తొలిగా తయారు చేసిన వస్తువు కన్ను కడుక్కునే చిన్న గిన్నె. రెజిన్ భాగాలు నునుపుగా, కచ్చితంగా వస్తాయి. కాని వీటిలో చాలా రకాలు పెళుసుగా ఉండి, ఎండకు పాడవుతాయి. ప్లాస్టిక్ తీగను కరిగించి పేర్చే రెండవ విధానం చౌకైనది. ఇందులో పొరకు పొరకు మధ్య అతుకు బలహీనం కనుక, భాగాన్ని ఏ దిశలో నిలిపి ముద్రించారనే దానిని బట్టి దాని బలం మారుతుంది. నైలాన్ పొడిని లేజర్‌తో అతికించే మూడవ విధానంలో దృఢమైన భాగాలు లభిస్తాయి. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల పత్రికల్లో కొంత గందరగోళం కలుగుతున్నదని చెప్పక తప్పదు.

2020 మార్చిలో ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో కొవిడ్ రోగులకు ప్రాణవాయువు అందించే కవాటాలు ఆసుపత్రికి సకాలంలో అందని పరిస్థితి ఏర్పడింది. ఇసిన్నోవా అనే చిన్న సంస్థ ఇంజినీర్లు కవాటాన్ని కొలిచి, దాని రూపాన్ని కంప్యూటరులో గీసి, తీగను పేర్చే యంత్రంపై తొలి ప్రతులను ముద్రించారు. అందులో ఒక మిల్లీమీటరు కంటే సన్నని రంధ్రం ఉండడం పెద్ద సవాలు. తరువాత లేజర్‌తో పొడిని అతికించే యంత్రం ఉన్న మరో సంస్థ సహాయంతో మరిన్ని కవాటాలు తయారయ్యాయి. తక్షణ అవసరం, తక్కువ సంఖ్య కలిసిన ఇటువంటి సందర్భంలో ఉక్కు అచ్చు కోసం వేచి ఉండే వ్యవధి లేదు.

ఒకటి రెండు భాగాలే కావలసి, అసలు ప్లాస్టిక్ బలాన్నే పరీక్షించాలనుకుంటే సీఎన్‌సీ యంత్రంపై దిమ్మ నుండి చెక్కించడం మేలు. ఏబీఎస్, నైలాన్, పాలీకార్బొనేట్ వంటివాటిని ఈ విధంగా చెక్కవచ్చు. కోత పనిముట్టు గుండ్రంగా తిరుగుతుంది కనుక లోపలి మూలలు పదునుగా రావు.

పదుల సంఖ్యలో భాగాలు అవసరమైన చోట వాక్యూమ్ కాస్టింగ్ ఉపయోగపడుతుంది. నునుపు చేసిన ఒక మూల నమూనాను పెట్టెలో వేలాడదీసి, చుట్టూ ద్రవ సిలికాన్ రబ్బరు పోస్తారు. గాలి బుడగలు పోయేందుకు వాక్యూమ్ గదిలో ఉంచుతారు. రబ్బరు గట్టిపడిన తరువాత కత్తితో కోసి నమూనాను తీసివేస్తే అచ్చు సిద్ధమవుతుంది. అందులో రెండు రసాయనాలను కలిపిన పాలియూరిథేన్‌ను పోసి వేడి గదిలో గట్టిపరుస్తారు. ఒక్కొక్క రబ్బరు అచ్చు సుమారు 20 నుండి 25 భాగాల వరకు ఇస్తుంది. రసాయనాల ప్రభావంతో దాని ఉపరితలం క్రమంగా దెబ్బతింటుంది. ఈ భాగాలు రంగులోనూ నునుపులోనూ మార్కెట్ వస్తువును తలపిస్తాయి. అధికారులు జాగ్రత్త వహించవలసినది ఇక్కడే. ఏబీఎస్‌ను పోలిన పాలియూరిథేన్ ఏబీఎస్ కాదు. దానిపై జరిపిన వేడి, మంట, మన్నిక పరీక్షల ఫలితాలు తుది ఉత్పత్తికి వర్తించవు.

వందల నుండి కొన్ని వేల భాగాలకు అల్యూమినియం అచ్చు అనువైనది. ఉక్కు కంటే సులువుగా చెక్కవచ్చు, త్వరగా చల్లబడుతుంది, తుది ప్లాస్టిక్‌నే వాడవచ్చు. గాజు పీచు కలిపిన ప్లాస్టిక్ అయితే త్వరగా అరిగిపోతుంది.

ముద్రించిన ప్రతి రూపమూ అచ్చులో దిగదు. అచ్చు నుండి భాగం జారి రావడానికి గోడలకు ఒక డిగ్రీ వరకైనా వాలు ఉండాలి. గోడల మందం ఒకే తీరుగా లేకపోతే మందమైన చోట ఉపరితలం లోపలికి గుంజుకుపోతుంది. అందువల్ల నమూనా దశలోనే అచ్చుల నిపుణులను సంప్రదించడం అవసరం.

తెలుగు రాష్ట్రాలలో ఇందుకు అవకాశాలు ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ 1968 నుండి అచ్చుల రూపకల్పనలో శిక్షణ ఇస్తున్నది. కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ సీపెట్‌కు హైదరాబాద్‌లోనూ, విజయవాడ సమీపంలోనూ కేంద్రాలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ నమూనాల తయారీ కేంద్రం 78 వేల చదరపు అడుగుల ప్రాంగణంలో 2023 మార్చి 2న హైదరాబాద్‌లో ప్రారంభమైంది. వైద్య పరికరాల రంగానికి విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది.