పోస్ట్‌మ్యాన్ లేని పోస్ట్‌మ్యాన్ కథ

భర్తను చంపి ప్రియునితో బతకాలనుకున్న భార్య కథ మన పత్రికల్లో రెండు మూడు రోజులు నడిచి ఆగిపోతుంది. అటువంటి కథే అమెరికా రచయిత జేమ్స్ ఎం. కెయిన్ 1934లో చిన్న నవలగా రాస్తే, సినిమావాళ్లు దాన్ని వదలలేదు. నవల పేరు ‘ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్’. చిత్రమేమిటంటే కథలో పోస్ట్‌మ్యాన్ ఎక్కడా కనబడడు!

కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఒక హోటలు. యజమాని గ్రీకువాడు, కల్లాకపటం తెలియని మనిషి. భార్య కోరా. ఊళ్లు పట్టి తిరిగే ఫ్రాంక్ అక్కడ పనికి కుదిరాడు. తెగించిన ఆ ఇద్దరూ యజమానిని చంపి కారు ప్రమాదంగా చూపించారు. కోర్టు నుంచి బయటపడ్డారు గాని ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది.

నవలలో ఈ కథంతా హంతకుడే చెబుతాడు. ఆ గొంతు వింటూ పోయే పాఠకునికి చచ్చినవాడి మీద జాలి పడే తీరిక ఉండదు. తెర మీద అలా కుదరదు. చచ్చేవాడు కూడా ఎదురుగా నవ్వుతూ కనబడతాడు. ఈ నవలను సినిమా తీయడంలో ఉన్న చిక్కంతా ఇదే.

ఎం.జి.ఎం. సంస్థ 1934లోనే హక్కులు కొన్నా, సెన్సారు నిబంధనల వల్ల 1946 దాకా చిత్రం రాలేదు. కథానాయిక లానా టర్నర్‌కు దాదాపు సినిమా అంతా తెల్లబట్టలే. అందంగానే ఉంది. వంటింటి మసి మాత్రం ఆ బట్టలకు అంటలేదు. జాక్ నికల్సన్ నటించిన 1981 చిత్రం మసీ చూపింది, మోహమూ చూపింది. నవల చివర వచ్చే జైలును మాత్రం వదిలేసింది.

ఇటలీలో లుకినో విస్కాంటీ 1943లోనే ‘ఒసెస్సియోనె’ పేరుతో ఈ కథ తీశారు. ఆయనకిది తొలి చిత్రం. కథను పో నది ఒడ్డుకు మార్చారు. అందులో ఒక దృశ్యం చెప్పుకోవాలి. హోటలు మూసే వేళ కథానాయిక ఎంగిలి పళ్లేల గుట్టల మధ్య ఒంటరిగా కూర్చుంటుంది. సూపు తాగుతూ, పేపరు చదువుతూ, అలాగే కునుకు తీస్తుంది. మాట ఒక్కటీ లేదు. ఆమె ఎందుకు తెగించిందో చెప్పడానికి ఆ పళ్లేలు చాలు. హంతకుని గొంతు చేసిన పనిని విస్కాంటీ ఎంగిలి పళ్లేలతో చేయించారని ఈ విలేఖరి అభిప్రాయం.

ఫాసిస్టు ప్రభుత్వానికి ఈ పేదరికం రుచించలేదు. ప్రదర్శనలు ఆపించారు, నెగటివ్‌ను నాశనం చేశారు. విస్కాంటీ దాచుకున్న నకలు వల్లనే చిత్రం బతికింది. అయితే ఆయన చేసిందీ న్యాయం కాదు. హక్కులు కొనలేదు, తెర మీద కెయిన్ పేరు వేయలేదు. యుద్ధకాలమన్న సాకు చెప్పవచ్చు గాని, కథ పుట్టించిన వానికి పేరైనా దక్కవద్దా? హక్కుల పేచీ వల్ల చిత్రం అమెరికాలో ఏళ్ల తరబడి ఆడలేదు. చివరకు 1976లో న్యూయార్క్ చిత్రోత్సవంలో వేశారు. విస్కాంటీ ఆ ఏడు మార్చిలోనే కన్నుమూశారు. మరుసటి ఏడు కెయిన్ పోయారు.