ఉల్లేఖనానికి చిరునామా: పరిశోధనా వ్యాసాలలో ఆధారాలు చూపే పద్ధతి

విద్య కోసం చైనా దాకానైనా వెళ్ళమని చెప్పే వాక్యం సభలలో వినబడుతుంది, సావనీర్లలో అచ్చవుతుంది. దాని క్రింద తరచుగా ‘హదీసు’ అనే ఒక్క మాట తప్ప మరేమీ ఉండదు. సిహాహె సిత్తాగా పేరొందిన ఆరు గ్రంథాలలో ఈ వాక్యం లేదు. ఇమామ్ బైహఖీ (మ. 458/1066) తన ‘షుఅబుల్ ఈమాన్’లో దీనిని ఉల్లేఖించి, వాక్యం ప్రసిద్ధమైనదే గాని దాని సనదు బలహీనమని అక్కడే తెలియజేశారు. ఇబ్నుల్ జౌజీ (మ. 597/1201) దీనిని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. ‘హదీసు’ అని మాత్రమే వ్రాసిన రచయిత ఈ చర్చ యావత్తునూ పాఠకుని కంటబడకుండా చేశాడన్నమాట. దైవప్రవక్త (స) పేరిట ఒక మాట చెప్పేటప్పుడు ఆధారం చూపడం వ్యాసానికి అలంకారం కాదు, బాధ్యత.

ఆధారం చూపడమంటే పాఠకుడు స్వయంగా వెళ్ళి చూసుకోగల చిరునామా ఇవ్వడం. ‘బుఖారీ’ అన్న ఒక్క మాట ఆ చిరునామా కానేరదు. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయనే సుప్రసిద్ధ హదీసునే తీసుకోండి. ఇమామ్ బుఖారీ (మ. 256/870) దీనిని తమ సహీహ్‌లో ఏడు చోట్ల ఉల్లేఖించారు. మొదటిది గ్రంథారంభంలో, వహీ ప్రకరణంలోనే ఉంది. అయితే అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం చేసిన హిజ్రత్‌ను గురించిన వాక్యభాగం ఆ మొదటి ఉల్లేఖనంలో లేదు. ఈమాన్ ప్రకరణంలోని 54వ హదీసులో ఉంది. పూర్తి పాఠం ఉదహరించి ‘బుఖారీ, 1’ అని వ్రాస్తే, వెళ్ళి చూసినవాడు తికమకపడతాడు. కనుక ‘బుఖారీ, సహీహ్, కితాబుల్ ఈమాన్, 54’ అని ప్రకరణమూ, సంఖ్యా రెండూ ఇవ్వాలి.

సంఖ్యతోపాటు ప్రకరణం ఎందుకంటే, సంఖ్యలు ముద్రణను బట్టి మారతాయి. సహీహ్ ముస్లింకు ఈజిప్టు పండితుడు ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ వేసిన సంఖ్యలు 3033తో ముగుస్తాయి. అబ్దుల్ హమీద్ సిద్దీఖీ ఆంగ్లానువాదంలోని వరుస సంఖ్యలు ఏడువేలు దాటుతాయి. పై హదీసు అబ్దుల్ బాఖీ లెక్కలో 1907, కితాబుల్ ఇమారాలో ఉంది. ఏ లెక్కను అనుసరించారో వ్యాసం మొదటి పాదసూచికలో ఒక్కసారి చెబితే చాలు.

దివ్య ఖుర్ఆన్ విషయంలో సూరా సంఖ్య, ఆయత్ సంఖ్య సరిపోతాయి. పుట సంఖ్య అనవసరం. అయినా ఇక్కడా ఒక చిక్కున్నది. 1834లో లైప్‌జిగ్‌లో ఫ్లూగెల్ అచ్చువేయించిన ప్రతిలోని ఆయత్ సంఖ్యలు 1924 నాటి కైరో ముద్రణతో అనేక చోట్ల కలవవు. పాత యూరోపియన్ గ్రంథాలు ఫ్లూగెల్‌నే అనుసరించాయి. ధర్మం విషయంలో బలవంతాన్ని నిరాకరించే ఆయత్ వాటిలో 2:257గా కనిపిస్తుంది. ఇప్పటి ప్రతులలో అది 2:256. ఆ గ్రంథాల నుండి సంఖ్యను యథాతథంగా ఎత్తి వ్రాసిన రచయిత ముస్‌హఫ్ తెరిచి చూడలేదని ఇట్టే తెలిసిపోతుంది.

ఇతర గ్రంథాలకు రచయిత, గ్రంథం, ముద్రణాస్థలం, ప్రచురణకర్త, సంవత్సరం, సంపుటం, పుట ఇవ్వాలి. 1906లో వెలువడిన షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారి నియమావళి మొదలు అనేక పద్ధతులు చాలాకాలం కోరుతూ వచ్చినది ఇంచుమించు ఇదే. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్న తగాదా పెద్ద విషయం కాదు, వ్యాసం పొడుగునా ఒకే తీరు ఉంటే చాలు. ముద్రణాస్థలం మాత్రం వదలరాదు. బైహఖీ ‘అస్సుననుల్ కుబ్రా’ పది సంపుటాలను హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ హి. 1344 నుండి అచ్చువేసింది. తరువాతి బైరూత్ ముద్రణల పుటలు వేరు. ‘హైదరాబాద్’ అన్న మాట లేకుంటే సంపుటం, పుట రెండూ వ్యర్థమే. హిజ్రీ సంవత్సరం రెండు క్రీస్తు శకాబ్దాల మీదుగా నడుస్తుంది గనుక 1400/1979–80 అని రెండూ కలిపి వ్రాయడం మేలు.

తెలుగులో వ్రాసేవారికి వేరొక ఇబ్బంది ఉంది, లిప్యంతరీకరణ. అరబీలో ‘ఖాఫ్’తో వ్రాస్తే హృదయం, ‘కాఫ్’తో వ్రాస్తే కుక్క, తెలుగులో రెంటినీ ‘కల్బ్’ అనేస్తే అర్థం ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మొదటిదానికి ‘ఖ’ వాడదామంటే, ‘ఖలీఫా’లోని ‘ఖా’కూ అదే అక్షరం కావాలి. సీన్, సాద్, సా మూడూ ‘స’లోనే ఇమడాలి. ఏ అక్షరానికి ఏది వాడారో ఆరంభంలో పట్టిక ఇచ్చి, పారిభాషిక పదం మొదటిసారి వచ్చినచోట అరబీ లిపి కూడా జోడించడమే ప్రస్తుతానికి ఆచరణీయం. అకారాదిగా పేర్లు పేర్చేటప్పుడు ‘అల్’ను లెక్కించరాదు. అల్ గజాలీ ‘గ’లోనే ఉండాలి. ఇబ్ను మాత్రం పేరులో భాగమే. ఇబ్ను ఖల్దూన్‌ను ‘ఇ’లో వెదకాలి.

ఇక అసలు చూడని గ్రంథాన్ని చూసినట్లు వ్రాయడం. ఎందరో చేసే పని, ఎవరూ పట్టించుకోని పని. ఉర్దూ పుస్తకంలో తబరీ మాట కనబడితే, పాదసూచికలో ‘తబరీ’ అని వేసి ఉర్దూ పుస్తకాన్ని మరుగుపరుస్తారు. ఉర్దూ రచయిత పుట తప్పుగా వ్రాసి ఉంటే ఆ తప్పు తెలుగులోకీ వస్తుంది, అది ఎవరిదో తెలియదు. ఎవరి నుండి విన్నదీ దాచి పైవారి పేరు చెప్పడాన్ని ముహద్దిసులు తద్లీస్ అన్నారు. ‘తబరీ, ఫలానా ఉర్దూ గ్రంథం ద్వారా, ఫలానా పుట’ అని వ్రాయడానికి అదనంగా పట్టేది ఒక్క పంక్తి మాత్రమే.