రెండో పెళ్లి చెల్లకున్నా పిల్లల హక్కు చెల్లుతుంది

ఖరగ్‌పూర్: రైల్వే కొలువుల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పట్టణమిది. ఇక్కడ ఉద్యోగి మరణిస్తే పింఛను, కారుణ్య నియామకం ఎవరికన్నది చట్టబద్ధమైన భార్య ఎవరన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది.

మొదటి వివాహం రద్దు కాకుండా, ఆ భార్య జీవించి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. దీర్ఘకాలం దంపతులుగా జీవించినవారిని భార్యాభర్తలుగానే భావించాలని, కాదనేవారే రుజువు చూపాలని సుప్రీంకోర్టు 1978లో పేర్కొంది. మొదటి వివాహం రుజువైతే ఆ భావన నిలవదు.

అయినా పిల్లలు హక్కు కోల్పోరు. రెండో భార్య సంతానానికి కారుణ్య నియామకం నిరాకరించిన రైల్వే బోర్డు 1992 నాటి సర్క్యులర్‌ను కలకత్తా హైకోర్టు 2010లో ఆ మేరకు కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2018లో ఈ వైఖరినే సమర్థించింది. అట్టి సంతానానికి తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉంటుందని, ఇతర బంధువుల ఆస్తిపై మాత్రం హక్కు ఉండదని 2023లో తీర్పు చెప్పింది.