వలస, శరణార్థి విద్యార్థులకు స్వచ్ఛంద మార్గదర్శకత్వం: భాషాదృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం: బతుకుతెరువు కోసమో ప్రాణరక్షణ కోసమో తల్లిదండ్రులు ఊరు విడిచినప్పుడు వారివెంట వచ్చిన పిల్లలు కొత్త బడిలో మొదట కోల్పోయేది మాట. చట్టం వారికి బడిలో చోటు కల్పించగలదు. మాటను తిరిగి ఇవ్వడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని ఈ వ్యాసం ‘మార్గదర్శి’గా వ్యవహరిస్తుంది. తెలుగు ప్రాంతాలకు వచ్చిన వలస, నిర్వాసిత, శరణార్థి బాలల స్థితిని పరిశీలించి, రాకలోని తేడానుబట్టి మార్గదర్శి లక్ష్యం ఎలా మారాలో వివరించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: వలస, శరణార్థి బాలలు, మార్గదర్శి, మాతృభాష, ద్వితీయ భాషాబోధన, గిడుగు.

1. ఉపోద్ఘాతం

కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయక క్షేత్రంలో లక్ష కలాలతో స్వామికి అర్చన చేసి, ఆ కలాలను పరీక్షలు రాయబోయే విద్యార్థులకు పంచిపెట్టే ఆచారం ఉంది. చదువుపట్ల ఈ ప్రాంతానికున్న గౌరవానికి అది గుర్తు. అయితే కలం అందుకున్నవారిలో బడిభాష తెలియని బిడ్డ ఒకరు ఉంటే, ఆ కలం ఏం రాయగలదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

కోనసీమ ప్రజలకు వలస కొత్త విషయం కాదు. గౌతమి పాయ సముద్రంలో కలిసేచోటికి చేరువలో ఉన్న కోరంగి రేవు పేరుమీదనే బర్మాలోని తెలుగువారికి ‘కోరంగీలు’ అనే వాడుక ఏర్పడింది. 1942లో జపాను దాడివల్ల, 1960వ దశకంలో బర్మా సైనిక ప్రభుత్వం చేపట్టిన జాతీయీకరణవల్ల ఎన్నో తెలుగు కుటుంబాలు తిరిగి వచ్చాయి. బర్మాలో పుట్టి పెరిగిన పిల్లలకు పూర్వీకుల నేలే కొత్త దేశమైంది. నేటికీ ఇక్కడి కుటుంబాలనుంచి గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్లేవారున్నారు. పంపిన అనుభవం ఉన్న ఈ నేలకు, వచ్చినవారిని అర్థం చేసుకోవడం అసాధ్యం కాకూడదు.

2. రాకలో మూడు తీరులు

తెలుగు ప్రాంతాలకు వచ్చే పిల్లలందరినీ ‘వలస పిల్లలు’ అన్న ఒక్క మాటతో సూచించడం పరిపాటి. విద్యాదృష్టితో చూస్తే వారిలో కనీసం మూడు వర్గాలున్నాయి.

మొదటిది రుతువును అనుసరించే వలస. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల కుటుంబాలు ముందుగా అడ్వాన్సు తీసుకొని, పంటకోతలు ముగిశాక తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తాయి. వానలకు ముందు తిరిగి వెళతాయి. బట్టీలో కుటుంబమంతా కలిసి పనిచేస్తుంది కాబట్టి ఇటుకలను తిరగవేయడం వంటి పనులు పిల్లలమీద పడతాయి. వారి విద్యాసంవత్సరం రెండు రాష్ట్రాల మధ్య రెండు ముక్కలవుతుంది.

రెండవది నిర్వాసితత్వం. గోదావరికి ఎగువన, 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత బస్తర్ ప్రాంతపు ఆదివాసీ కుటుంబాలు ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. ఇక్కడివారు వారిని ‘గుత్తికోయలు’ అన్నారు. దేశసరిహద్దు దాటలేదు కాబట్టి వారు శరణార్థులు కారు. కాని చాలామందికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది.

మూడవది శరణార్థిత్వం. హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాల్లో నివసిస్తున్న రోహింగ్యా కుటుంబాలు ఇందుకు ఉదాహరణ. ఇంట్లో రోహింగ్యా, వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు లేదా ఆంగ్లం - ఇన్ని భాషల మధ్య ఆ పిల్లల చదువు సాగాలి. రేపు ఎక్కడ ఉంటారో తల్లిదండ్రులకే తెలియదు.

3. చట్టం ఇచ్చేది, ఇవ్వలేనిది

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇచ్చింది. బడి మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్, బదిలీ పత్రం ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించరాదని 5వ సెక్షన్, వయసు ధ్రువపత్రం లేదని తిప్పిపంపరాదని 14వ సెక్షన్ చెబుతున్నాయి. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలన్నది 29వ సెక్షన్ సూచన. 1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. అయినా 1992లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది.

ఈ నిబంధనలు బడి తలుపు తెరుస్తాయి. లోపల కూర్చున్న బిడ్డకు పాఠం అర్థమవుతున్నదా అన్నది వేరే విషయం. 1974లో అమెరికా సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికొల్స్ కేసులో ఈ తేడాను గుర్తించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి విద్యార్థులకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే పాఠ్యక్రమం ఇచ్చినంత మాత్రాన సమానత్వం సిద్ధించదని, బోధనభాష అర్థంకాని పిల్లలకు ఆ చదువు అందనట్లేనని ఆ తీర్పు సారాంశం.

4. తెలుగునాట పూర్వాదర్శాలు

ఈ సమస్యకు తెలుగువారిలో తొలి సమాధానం గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) జీవితంలో కనిపిస్తుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న ఆయన, సవరలకు చదువు చెప్పాలంటే ముందుగా తాను వారి భాష నేర్చుకోవాలని గ్రహించారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన వ్యక్తి సాయంతో ఆ భాష నేర్చి, వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవరలు వలస వచ్చినవారు కారు. బడిభాషే వారి దగ్గరికి పరాయిదిగా వచ్చింది. అయినా బిడ్డ భాషవైపు ముందుగా పెద్దలే అడుగు వేయాలన్న ఆయన పద్ధతి నేటి మార్గదర్శికి తొలి సూత్రం.

రెండవ ఆదర్శం రంగారెడ్డి జిల్లాలో 1990వ దశకంలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి. పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసే ‘బ్రిడ్జి కోర్సు’ అక్కడ రూపుదిద్దుకుంది. గ్రామాల్లోని యువతీయువకులే కార్యకర్తలై ఇంటింటికీ తిరిగారు. ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్న కాలంలో చేపట్టిన ‘బాలబంధు’ పథకంలోనూ కల్లోలిత ప్రాంతాల స్థానిక యువతే బిడ్డకూ బడికీ మధ్య నిలిచింది. భద్రాచలం ప్రాంతంలో కోయ, తెలుగు రెండూ వచ్చిన యువకుడు గుత్తికోయ బిడ్డకు చేయగల మేలు, తెలుగు మాత్రమే వచ్చిన పట్టభద్రుడికి అంత సులువుగా సాధ్యంకాదు.

5. మార్గదర్శి పని - భాషాపరమైన అంశాలు

5.1 మౌనాన్ని అర్థం చేసుకోవడం: కొత్త భాషలోకి వచ్చిన బిడ్డ కొన్ని వారాలో నెలలో మాట్లాడకపోవచ్చు. ద్వితీయ భాషాబోధనలో దీనిని మౌనదశ అంటారు. ఆ సమయంలో బిడ్డ వింటూ ఉంటుంది. దానిని మందబుద్ధిగా పొరబడితే ఆ ముద్ర పైతరగతులకూ వెంటవస్తుంది. బలవంతంగా పలికించకుండా పేరును సరిగా పలకడం, బొమ్మలతో, చేతలతో జవాబివ్వనివ్వడం మార్గదర్శి చేయవలసిన మొదటి పనులు.

5.2 తప్పులో నియమాన్ని చూడటం: ఒడియా ఉచ్చారణలో హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్ని మార్చదు. అందువల్ల ఒడియా బిడ్డకు ‘పుట - పూట’, ‘వెల - వేల’ ఒకేలా వినిపించవచ్చు. ఉక్తలేఖనంలో ఇవి అజాగ్రత్త తప్పులుగా కనిపిస్తాయి. నిజానికి అవి ఇంటిభాష ధ్వనివ్యవస్థ నీడలు. మరోవైపు హిందీ మాతృభాషగా గల పిల్లలకు కష్టమయ్యే ‘ళ’కారం ఒడియాలో ఉంది. బిడ్డకు వచ్చినదాన్నుంచి మొదలుపెట్టడానికి ఇటువంటి వ్యత్యాసాల పరిజ్ఞానం అవసరం.

5.3 ఏ తెలుగు?: కోనసీమలో బిడ్డ వీధిలో వినేది ‘ఆయ్’ అంటూ సాగే గోదావరి పలుకుబడి, పుస్తకంలో చదివేది శిష్ట వ్యావహారికం, పద్యభాగంలో ఎదురయ్యేది కావ్యభాష. సంభాషణకు కావలసిన భాష సుమారు 2 ఏళ్లలో పట్టుబడినా, చదువుకు కావలసిన భాషకు 5 నుంచి 7 ఏళ్లు పట్టవచ్చునని కెనడాలో పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ వివరించారు. మైదానంలో గలగలా మాట్లాడే బిడ్డకు తెలుగు ‘వచ్చేసింది’ అనుకొని చేయూత ఆపడం ఈ దృష్ట్యా తొందరపాటు.

6. ‘ఈ బిడ్డ తిరిగి వెళ్తుందా?’

మార్గదర్శి మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే. ఆరు నెలలకు తిరిగి వెళ్లే బట్టీ బిడ్డకు తెలుగు మాత్రమే నేర్పితే, ఒడిశాలో తన తరగతికి చేరేసరికి అక్కడి పాఠం మరచిపోయి ఉంటుంది. ఆ బిడ్డకు కావలసింది ఒడియా చదువు తెగిపోకుండా చూడటం. తెలుగు రోజువారీ అవసరం మేరకు చాలు. పనిచోటనే ఒడియా ఉపాధ్యాయులతో, ఒడియా పుస్తకాలతో నడిచిన బడుల వెనుక ఉన్న తర్కం ఇది. ఇక్కడే స్థిరపడే గుత్తికోయ బిడ్డకు కోయనుంచి తెలుగుకు మెల్లగా సాగే దారి కావాలి. భవిష్యత్తు తేలని శరణార్థి బిడ్డకు ఎక్కడికి వెళ్లినా పనికివచ్చే లెక్కలు, చదివి అర్థం చేసుకునే నేర్పు, ఇంటిభాషపై నమ్మకం ముఖ్యం. ముగ్గురికీ ఒకే ‘తెలుగు తరగతి’ పెట్టడం సదుద్దేశంతో చేసినా అన్యాయమే.

స్వచ్ఛంద సేవకు హద్దులూ ఉన్నాయి. మార్గదర్శి ఉపాధ్యాయుడికి ప్రత్యామ్నాయం కాదు; ప్రభుత్వ బాధ్యతను తన నెత్తిన వేసుకొని కప్పిపుచ్చరాదు. తల్లిదండ్రుల సమ్మతి, బడి ఎరుక లేకుండా బిడ్డను కలవరాదు. ఊరు విడిచిన కథ చెప్పమని బిడ్డను అడగరాదు, చెప్పినప్పుడు వినాలి. ఒకసారి విడిపోయిన అనుభవం ఉన్న బిడ్డను ఉత్సాహం తగ్గగానే వదిలిపెట్టడం రెండవ ఎడబాటు అవుతుంది. వారానికి ఒక గంటైనా సరే, మాట ఇచ్చినంతకాలం రావడమే ముఖ్యం.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. వలస, నిర్వాసిత, శరణార్థి బాలల విద్యావసరాలు వేర్వేరు. మార్గదర్శకత్వ లక్ష్యం బిడ్డ రాకనుబట్టి నిర్ణయం కావాలి.

2. బిడ్డ మాతృభాష అడ్డంకి కాదు, పునాది. గిడుగు చూపిన ఈ దారి నేటికీ అనుసరణీయం.

3. ధ్వని, మాండలిక, శైలీ భేదాలు తెలిసిన తెలుగు పరిశోధకులు, అధ్యాపకులు ఈ సేవకు సహజంగా అర్హులు. కళాశాల విద్యార్థులకు ఈ దిశలో శిక్షణ ఇవ్వడం తెలుగు శాఖలకు సాధ్యమైన పని.

హిందీ, బెంగాలీ భాషలు ఒకే సర్వనామంతో చెప్పేదానిని తెలుగు ‘మేము’, ‘మనం’ అని విడదీస్తుంది. ఎదుటివారిని కలుపుకోవాలా, వద్దా అన్నది ఈ భాషలో నోరు తెరిచిన ప్రతిసారీ నిర్ణయించుకోవలసిందే. కొత్త బిడ్డ ఈ భేదాన్ని వ్యాకరణ పాఠంగా నేర్చుకోవచ్చు. తనను చూసి తరగతి ‘మనం’ అన్నప్పుడే అది అనుభవంలోకి వస్తుంది.