కాళ్ళు కుదురుగా ఉండనివ్వకపోతే



పగలంతా చాకిరీ చేసి, వంటిల్లు సర్దుకుని, అమ్మయ్య అని నడుం వాల్చేసరికి మొదలవుతుంది. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది. నొప్పా అంటే నొప్పి కాదు, దురదా అంటే దురదా కాదు. కాలు కదపకుండా ఉండలేం. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. పడుకుంటే మళ్ళీ అదే గోల. ఇంట్లో చెబితే "రోజంతా నిలబడ్డావు గదా, అలసటలే" అంటారు.

అలసట కాదండీ. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. 1945లో ఎక్‌బామ్ అనే స్వీడన్ వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించాడు. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. గర్భిణులకు చివరి నెలల్లో వచ్చి, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుంది.

ఇక మందులు. అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఇనుము. "నా హిమోగ్లోబిన్ బాగానే ఉంది" అంటారా? డబ్బాలో బియ్యం కనిపిస్తూనే ఉంటాయి, అటక మీది బస్తా మాత్రం ఖాళీ అయిపోయి ఉంటుంది. ఆ బస్తా సంగతి చెప్పేది ఫెరిటిన్ అనే రక్తపరీక్ష. మామూలు మనుషులకు చాలుననుకునే అంకె ఈ జబ్బుకు చాలదు. 75 గాని, అంతకు తక్కువ గాని ఉంటే ఇనుము ఇవ్వడం మంచిదని నిపుణుల అభిప్రాయం. మాత్రలు పడనివారికి నరానికి ఎక్కించే ఇంజెక్షను ఉంది. మాత్ర వేసుకుంటే కాఫీ, టీ, పాలతో మాత్రం వద్దు, ఒంటికి పట్టదు. పరీక్ష లేకుండా సొంతంగా మొదలుపెట్టనూ వద్దు. ఇనుము ఎక్కువైనా చేటే.

అప్పటికీ తగ్గకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే మందులున్నాయి. ఇప్పుడు డాక్టర్లు ముందుగా వీటివైపే చూస్తున్నారు. కాస్త మత్తు, తలతిరుగుడు, కొందరికి ఒళ్ళు రావడం, పాదాల వాపు ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి కనుక ఆ సంగతి దాచకండి.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అని మరో రకం. ఇవి పార్కిన్సన్ జబ్బుకు వాడేవి. చాలా ఏళ్ళు వీటినే ముందుగా ఇచ్చేవారు. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి, అదే చిక్కు! కొన్నాళ్ళకు రాత్రి పదింటికి వచ్చే బాధ సాయంత్రం అయిదింటికే వస్తుంది, చేతులకూ పాకుతుంది. మోతాదు పెంచినకొద్దీ ముదురుతుంది. కొందరికి అదుపులేని కొనుగోళ్ళ పిచ్చి, జూదం యావ కూడా పుడతాయి. అందుకే అమెరికాలోని నిద్ర వైద్య నిపుణులు 2025లో వీటిని మామూలుగా వాడవద్దన్నారు. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఉన్నపళంగా మానెయ్యకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇంకొకటి. నిద్ర పట్టడం లేదని జలుబుకీ దురదకీ వాడే మత్తు మాత్ర వేసుకునే అలవాటు మనలో ఉంది. అది ఈ జబ్బును రెచ్చగొడుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, దిగులుకిచ్చే కొన్ని మందులు కూడా అంతే.

కాబట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో మీరు వేసుకునే మాత్రలన్నీ, చిన్నవీ పెద్దవీ, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. బాధ ఏ వేళకు మొదలవుతుందో, నడిస్తే తగ్గుతుందో లేదో చెప్పండి. గర్భవతులూ, పాలిచ్చే తల్లులూ ఆ మాట ముందే చెప్పాలి.